‘పిక్ అప్’ను సరిగ్గా వాడడం ఎలా?

ఇంగ్లీషు నేర్చుకుంటున్న పాఠకులు పదేపదే అడిగే ప్రశ్నల్లో ‘పిక్ అప్’ అంటే అసలు అర్థం ఏమిటన్నది ఒకటి. ప్రశ్న చిన్నదే గాని, నిఘంటువు తెరిస్తే దానికి దొరికే సమాధానం చాంతాడంత ఉంటుంది. కింద పడినదాన్ని ఎత్తడం, ఫోను తీయడం, స్టేషన్ నుంచి బండి ఎక్కించుకుని రావడం, వింటూ వింటూ భాష నేర్చుకోవడం, జలుబు అంటించుకోవడం, వ్యాపారం పుంజుకోవడం, పోలీసులు పట్టుకుపోవడం అన్నీ అందులోనే కనిపిస్తాయి. ఈ జాబితాను బట్టీపట్టిన వారు పరీక్షలో అర్థాలు రాయగలుగుతారేమో గాని, ఎవరైనా ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నప్పుడు వాటిలో ఏది ఆ వాక్యానికి సరిపోతుందో తేల్చుకోలేరు.

తెలుగువారికి దీనిపైన ఇంకొక చిక్కు కూడా ఉంది. ‘పికప్’ అన్న మాట ఇప్పటికే మన భాషలో స్థిరపడిపోయింది. బండికి పికప్ లేదంటాం, వ్యాపారం పికప్ అయిందంటాం, ఆఫీసు క్యాబ్‌కు పికప్ పాయింట్ ఎక్కడని అడుగుతాం. ఈ వాడుకలు తెలుగులో తప్పేమీ కావు. వాటిని ఉన్నవి ఉన్నట్టుగా ఇంగ్లీషు వాక్యంలోకి తీసుకుపోయినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది. అందువల్ల అర్థాల జాబితాను పక్కన పెట్టి, వాక్యంలో ఎవరు చేస్తున్నారు, దేన్ని చేస్తున్నారు అన్న రెండు విషయాలను చూసి అర్థాన్ని పట్టుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

కావలసినవి

నేర్చుకునేవారి కోసం తయారుచేసిన నిఘంటువు ఒకటి కావాలి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ సంస్థల అభ్యాసక నిఘంటువులు మూడూ ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, ఏదో ఒకటి చాలు. ఇంగ్లీషు నుంచి తెలుగుకు అర్థం చెప్పే చిన్న నిఘంటువులు ఈ పనికి సరిపోవు, ఎందుకంటే వాటిలో అర్థమే తప్ప మాటల వరుస ఎలా ఉండాలో చూపించే ఉదాహరణ వాక్యాలు అరుదుగా ఉంటాయి. ఒక నోటుపుస్తకం, మీరు ఇదివరకు ఇంగ్లీషులో పంపిన మెసేజ్‌లు ఉన్న ఫోను కూడా దగ్గర పెట్టుకోండి. ఆ మెసేజ్‌ల అవసరం చివరి మెట్టులో వస్తుంది.

వ్యాకరణ పరిభాషలో రెండు మాటలు తెలిస్తే చాలు. చర్య దేని మీద జరుగుతుందో అది కర్మ. పేరుకు బదులుగా వచ్చే ఇట్, హిమ్, హర్, మి, దెమ్ వంటివి సర్వనామాలు.

1. ముందుగా మాట రూపాన్ని సరిచేసుకోండి

క్రియగా వాడేటప్పుడు ‘పిక్’, ‘అప్’ రెండు వేర్వేరు మాటలు. నామవాచకంగా వాడేటప్పుడు మాత్రమే అవి కలిసి ‘పికప్’ అన్న ఒకే మాట అవుతాయి, కొందరు మధ్యలో చిన్న గీత పెట్టి రాస్తారు. “ఐ విల్ పిక్ యు అప్” అన్నది క్రియ, “పికప్ ఈజ్ ఎట్ సిక్స్” అన్నది నామవాచకం. పలికేటప్పుడు క్రియలో ఊనిక సాధారణంగా ‘అప్’ మీద, నామవాచకంలో ‘పిక్’ మీద పడుతుంది.

కాలాన్ని బట్టి మారేది ‘పిక్’ మాత్రమే. పిక్స్ అప్, పిక్డ్ అప్, పికింగ్ అప్ అని రావాలి. తెలుగులో రెండింటినీ ఒకే మాటగా వినడానికి అలవాటు పడినందువల్ల చాలామంది భూతకాల ప్రత్యయాన్ని చివర తగిలించి ‘పికప్డ్’ అని రాస్తున్నారు. అటువంటి రూపం ఇంగ్లీషులో లేదు. ఉచ్చారణలో ఇంకొక సంగతి గమనించండి. ‘పిక్డ్’ అని రాసినా చివరి ధ్వని ‘ట్’ అనే పలుకుతుంది, తర్వాతి అచ్చుతో కలిసి ‘పిక్టప్’ అని వినిపిస్తుంది. ఇది తెలియకపోతే ఫోనులో అవతలివారు భూతకాలంలో చెబుతున్నారని గుర్తుపట్టడం కూడా కష్టమే.

2. ‘అప్’ అవసరమో కాదో తేల్చుకోండి

మనవాళ్ల ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. ‘అప్’ లేని ‘పిక్’కు ప్రధానంగా రెండు అర్థాలున్నాయి. ఒకటి ఎంచుకోవడం, రెండవది పువ్వో కాయో కోయడం. ఇప్పుడు “ఐ విల్ పిక్ యు ఎట్ సిక్స్” అన్న వాక్యాన్ని చూడండి. రాసినవారు ఆరు గంటలకు వచ్చి ఎక్కించుకుంటానని చెప్పాలనుకున్నారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న మిత్రునికి అది అలాగే అర్థమవుతుంది. కాని అట్లాంటాలోనో లండన్‌లోనో ఉన్న సహోద్యోగి దాన్ని ఆరు గంటలకు నిన్ను ఎంపిక చేస్తాను అని చదువుకుని, దేనికి ఎంపిక అని ఒక క్షణం తడబడతాడు. సరైన వాక్యం “ఐ విల్ పిక్ యు అప్ ఎట్ సిక్స్”.

“హి డిడ్ నాట్ పిక్ మై కాల్” అన్నది ఇంతకంటే ఎక్కువగా వినిపించే వాక్యం. దీన్ని “హి డిడ్ నాట్ ఆన్సర్ మై కాల్” అనో, మరింత సహజంగా “హి డిడ్ నాట్ పిక్ అప్” అనో మార్చాలి. రెండవ వాక్యంలో ఫోను అన్న మాట, కాల్ అన్న మాట ఏదీ లేదని గమనించండి. ఫోను మోగుతున్న సందర్భంలో ‘పిక్ అప్’ ఒక్కటే సరిపోతుంది. ఫోను ఎత్తలేదు అన్న తెలుగు వాక్యాన్ని అనుసరించి “లిఫ్ట్ చేయలేదు” అని మనం రోజూ అంటూనే ఉంటాం. ఆ ‘లిఫ్ట్’ను ఇంగ్లీషు వాక్యంలో పెట్టి “హి డిడ్ నాట్ లిఫ్ట్ మై కాల్” అంటే మాత్రం బయటివారికి వింతగా ఉంటుంది.

‘అప్’ లేకుండా వాడవలసిన చోట్లు కూడా ఉన్నాయి. క్రికెట్ వ్యాఖ్యానం వినేవారికి ఈ తేడా సులువుగా పట్టుబడుతుంది. బౌలర్ చేతిని చూసి గూగ్లీ వస్తోందని బ్యాటర్ పసిగట్టలేకపోతే “హి కుడ్ నాట్ పిక్ ద గూగ్లీ” అంటారు, అందులో ‘అప్’ రాదు. అదే బౌలర్‌కు మూడు వికెట్లు దక్కితే “హి పిక్డ్ అప్ త్రీ వికెట్స్” అంటారు. సెలక్టర్లు జట్టును ఎంపిక చేయడం మళ్లీ ఉత్త ‘పిక్’ మాత్రమే.

తేల్చుకునే ఉపాయం ఇది. మీరు చెప్పదలచుకున్నదాన్ని తెలుగులో అనుకోండి. అందులో ‘ఎంచుకోవడం’ గాని ‘కోయడం’ గాని ఉంటే ‘అప్’ అక్కరలేదు. మరేదైనా ఉంటే దాదాపు ఎప్పుడూ ‘అప్’ కావాలి.

3. ఎవరు, దేన్ని అన్నవి చూసి అర్థాన్ని నిర్ణయించండి

కర్మ వస్తువైతే మొదటి అర్థం కిందనున్నదాన్ని చేతితో ఎత్తడం. “షి పిక్డ్ అప్ ద పెన్” అంటే పెన్ను తీసింది. అయితే ఆ వస్తువు దుకాణంలో దొరికేదైతే అర్థం మారుతుంది. “పిక్ అప్ సమ్ మిల్క్ ఆన్ యువర్ వే హోమ్” అన్నప్పుడు ఇంటికి వస్తూ వస్తూ పాలు కొనుక్కురమ్మని భావం. పనిగట్టుకుని వెళ్లకుండా దారిలో చేసే చిన్న కొనుగోలుకు ఈ మాట బాగుంటుంది. మీరు గృహరుణం తీసుకుని కొన్న ఫ్లాటు గురించి “ఐ పిక్డ్ అప్ ఎ ఫ్లాట్ ఇన్ కూకట్‌పల్లి” అంటే ఏదో చవక బేరానికి దొరికినట్టు వినిపిస్తుంది, అక్కడ ‘బాట్’ అనండి. ఆ వస్తువు ముందే సిద్ధం చేసి ఉంచినదైతే, అంటే ఇస్త్రీకి ఇచ్చిన బట్టలో కొరియర్ పొట్లమో అయితే, వెళ్లి తెచ్చుకోవడమని అర్థం. బిల్లు అయితే కాగితం ఎత్తడం కాదు, డబ్బు కట్టడం. హోటల్లో పదిమంది కూర్చున్నప్పుడు “ఐ విల్ పిక్ అప్ ద బిల్” అని నోరు జారేముందు ఈ అర్థం గుర్తుంచుకోవడం మంచిది.

కర్మ మనిషైతే ఎవరు చేస్తున్నారన్నది తప్పక చూడాలి. బంధువో స్నేహితుడో డ్రైవరో అయితే వాహనంలో ఎక్కించుకోవడం. పోలీసులైతే అదుపులోకి తీసుకోవడం. “ద పోలీస్ పిక్డ్ హిమ్ అప్ నియర్ ద బస్ స్టాండ్” అన్న వాక్యాన్ని ఎవరూ మర్యాదపూర్వకమైన స్వాగతంగా అర్థం చేసుకోరు. మీ మేనమామ పోలీసు శాఖలో పనిచేస్తూ తన జీపులో మిమ్మల్ని ఇంటికి తీసుకువచ్చినట్టయితే, కర్తగా పోలీసులను కాక మేనమామనే పెట్టి చెప్పండి. సముద్రంలో చిక్కుకున్న మత్స్యకారులను కోస్ట్ గార్డ్ పిక్ అప్ చేసిందంటే రక్షించి ఓడలోకి ఎక్కించుకుందని అర్థం. తల్లి ఏడుస్తున్న బిడ్డను పిక్ అప్ చేసిందంటే ఎత్తుకుందని అర్థం.

హెచ్చరిక: బార్‌లోనో పార్టీలోనో పరిచయం లేని వ్యక్తి కర్మగా వస్తే, శృంగారం ఉద్దేశంతో పరిచయం పెంచుకుని వెంట తీసుకుపోయారన్న అర్థం వస్తుంది. “ఐ పిక్డ్ హర్ అప్ ఎట్ ద స్టేషన్” అన్నది మామూలు వాక్యమే, కాని ‘స్టేషన్’ ఉన్న చోట ‘బార్’ పెడితే అది వేరే కథ అవుతుంది. అటువంటి చోటు నుంచి మీరు నిజంగానే సహోద్యోగిని కారులో తీసుకువచ్చి ఉంటే “ఐ గేవ్ హర్ ఎ రైడ్ హోమ్” అనండి. బ్రిటన్‌లో ఉంటే ‘రైడ్’కు బదులు ‘లిఫ్ట్’ వాడతారు.

కర్మ భాష, యాస, అలవాటు, నైపుణ్యం వంటిదైతే పాఠం చెప్పించుకోకుండా వింటూ, చూస్తూ పట్టుబడడం. “ఐ పిక్డ్ అప్ సమ్ కన్నడ వైల్ వర్కింగ్ ఇన్ బెంగళూరు” అన్నది చక్కని వాక్యం. కాలేజీలో నాలుగేళ్లు చదివి పట్టా పుచ్చుకున్న ఇంజనీరింగ్‌కు ఈ మాట వాడితే మీ చదువును మీరే తేలిక చేసుకున్నట్టు అవుతుంది, ముఖ్యంగా ఉద్యోగ దరఖాస్తులో. అక్కడ ‘స్టడీడ్’ లేదా ‘ట్రెయిన్డ్ ఇన్’ వాడండి.

జబ్బులకు వాడేటప్పుడు అది అంటుకునే జబ్బేనా అని చూసుకోండి. జలుబు, కడుపులో ఇన్ఫెక్షన్ వంటివాటికి సరిపోతుంది. చక్కెర వ్యాధికి, రక్తపోటుకు, గుండె జబ్బుకు సరిపోదు, అవి బయట నుంచి ఎవరూ తెచ్చుకునేవి కావు.

యంత్రాలు కర్తగా ఉంటే అందుకోవడం, గ్రహించడం అని అర్థం. రేడియో సిగ్నల్‌ను పిక్ అప్ చేస్తుంది, మైకు మీరు పక్కవారితో గుసగుసగా అన్న మాటను కూడా పిక్ అప్ చేస్తుంది. ఆన్‌లైన్ సమావేశాలు రోజూ జరిగే ఈ కాలంలో ఇది పనికివచ్చే వాడుక.

అమెరికాలో పిల్లలను పెంచుతున్నవారు ఒక సంగతి ప్రత్యేకంగా గమనించాలి. అక్కడి స్కూల్లో ‘పికప్ టైమ్’ అంటే తల్లిదండ్రులు వచ్చి పిల్లలను తీసుకువెళ్లే వేళ. అదే తరగతి గదిలో టీచరు పిల్లలతో “టైమ్ టు పిక్ అప్” అంటే, ఆడుకున్న బొమ్మలు తీసి సర్దేయండి అని భావం. “పిక్ అప్ యువర్ రూమ్” అంటే గదిని ఎత్తమని కాదు, సర్దమని. బ్రిటన్‌లో ఈ అర్థానికి ‘టైడీ అప్’ వాడతారు.

4. కర్మ లేకపోతే పుంజుకోవడమా, ఫోనా అని చూడండి

“బిజినెస్ ఈజ్ పికింగ్ అప్”, “సేల్స్ పిక్డ్ అప్ బిఫోర్ సంక్రాంతి”, “ద విండ్ పిక్డ్ అప్” అన్న వాక్యాల్లో కర్మ లేదు. వ్యాపారం, అమ్మకాలు, గాలి, వేగం వంటివి కర్తగా ఉంటే పుంజుకోవడం, పెరగడం అని అర్థం. కర్త మనిషై, సందర్భం ఫోను మోగడమైతే ఫోను తీయడం. “లెట్స్ పిక్ అప్ వేర్ వి లెఫ్ట్ ఆఫ్” అన్నప్పుడు ఆపిన చోటి నుంచి మళ్లీ మొదలుపెడదామని అర్థం.

తెలుగులోని “పికప్ అయింది” ప్రభావంతో “బిజినెస్ గాట్ పికప్” అని కొందరు రాస్తారు, అది సరికాదు. బండి పికప్ విషయానికొస్తే, వేగం అందుకునే శక్తి అన్న అర్థం ఇంగ్లీషులోనూ లేకపోలేదు గాని, “మై పికప్ ఈజ్ గుడ్” అని అమెరికాలో అంటే మీకు వెనుక సామాను వేసుకునే పికప్ ట్రక్కు ఉందనుకుంటారు. అక్కడ ‘యాక్సిలరేషన్’ అనడమే క్షేమం.

5. సర్వనామాన్ని మధ్యలో పెట్టండి

కర్మగా పేరు వస్తే దాన్ని ‘అప్’కు ముందైనా తర్వాతైనా పెట్టవచ్చు. “పిక్ అప్ ద బ్యాగ్”, “పిక్ ద బ్యాగ్ అప్” రెండూ ఒప్పే. సర్వనామం వస్తే మాత్రం ‘పిక్’కూ ‘అప్’కూ మధ్యలోనే రావాలి. “ప్లీజ్ పిక్ అప్ మి ఫ్రమ్ ద స్టేషన్” తప్పు, “ప్లీజ్ పిక్ మి అప్ ఫ్రమ్ ద స్టేషన్” ఒప్పు. ఈ ఒక్క నియమంలో ఇచ్చిపుచ్చుకోవడం లేదు.

కర్మ పొడవుగా ఉంటే చివర పెట్టండి. ‘నిన్న మా అత్తయ్య విశాఖపట్నం నుంచి పంపిన పొట్లం’ అంతటినీ పిక్‌కూ అప్‌కూ మధ్య ఇరికిస్తే, వినేవారు ‘అప్’ వచ్చేసరికి ‘పిక్’ను మరచిపోతారు. ఒక మాటకు ఈ వెసులుబాటు ఉందో లేదో నిఘంటువులో చూసి తెలుసుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్ నిఘంటువులలో కర్మకూ ‘అప్’కూ నడుమ రెండు వైపులా మొనలున్న బాణం గుర్తు కనిపిస్తే, ఆ రెండూ చోట్లు మార్చుకోవచ్చని అర్థం.

6. ‘అప్’ తర్వాత మరో చిన్న మాట ఉందేమో చూడండి

‘పిక్ అప్ ఆన్’ అంటే ఎవరూ పైకి చెప్పకపోయినా గమనించడం. “షి పిక్డ్ అప్ ఆన్ హిజ్ వర్రీ” అంటే అతని దిగులును కనిపెట్టింది. ‘పిక్ అప్ ఆఫ్టర్’ అంటే ఒకరు చిందరవందర చేసినదాన్ని వారి వెనుకే శుభ్రం చేయడం. విదేశాల్లోని పార్కుల్లో కుక్కల యజమానులకు పెట్టే బోర్డుల్లో ఇది కనిపిస్తుంది. ‘అప్’ పోయి ‘పిక్ ఆన్’ అయితే ఒకరినే పట్టుకుని వేధించడం, ‘పిక్ అవుట్’ అయితే గుంపులోంచి ఏరడం. వీటిని ‘పిక్ అప్’తో కలిపి చదవకండి, విడిగా రాసుకోండి.

7. బదులు మాట పెట్టి సరిచూసుకోండి

వాక్యం రాశాక ‘పిక్ అప్’ తీసేసి ఆ చోట లిఫ్ట్, ఆన్సర్, కలెక్ట్, బై, లెర్న్, క్యాచ్, అరెస్ట్, ఇంప్రూవ్ అన్న మాటల్లో ఒకదాన్ని పెట్టి చదవండి. ఒకటి చక్కగా అతికితే మీ వాడుక చాలావరకు సరైనదే. ఏదీ అతకకపోతే నిఘంటువు చూడండి. రెండు అతికితే వాక్యం సందిగ్ధంగా ఉన్నట్టు, అప్పుడు ‘పిక్ అప్’ను వదిలేసి ఆ ఒంటి మాటనే వాడడం మేలు. అధికారిక లేఖల్లో ఎలాగూ ‘కలెక్ట్’, ‘ఇంప్రూవ్’ వంటివే హుందాగా ఉంటాయి.

ఇంటర్నెట్‌లో వెతికి, ఎక్కువ ఫలితాలు వచ్చాయి కాబట్టి వాక్యం సరైనదని నిర్ణయించకండి. ‘పిక్ మై కాల్’ అని వెతికితే ఫలితాలకు కొదవ ఉండదు, రాసినవారిలో చాలామంది మనవాళ్లే. నిఘంటువులోని ఉదాహరణ వాక్యమే ప్రమాణం.

8. మీ పాత మెసేజ్‌లలో వెతకండి

వాట్సాప్‌లోనూ ఈమెయిల్‌లోనూ వెతికే చోట ‘పిక్’ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయండి. మీరు పంపిన వాక్యాలు మాత్రమే తీసుకుని నోటుపుస్తకంలో రాసుకోండి. ఒక్కొక్కదానికీ మూడు ప్రశ్నలు వేయండి: ‘అప్’ ఉండవలసిన చోట ఉందా, సర్వనామం మధ్యలో ఉందా, ప్రత్యయం ‘పిక్’కే చేరిందా? ఎవరో కూర్చిన అభ్యాసాలు చేయడం కంటే ఇది ఎక్కువ ఫలితమిస్తుంది, ఎందుకంటే మీకు అలవాటైన తప్పు ఏదో అందులోనే బయటపడుతుంది.

అది అయ్యాక ఈ కింది ఆరు వాక్యాలను, జవాబులు చూడకుండా, సరిచేయండి.

క. “ఐ కాల్డ్ యు ట్వైస్, బట్ యు డిడ్ నాట్ పిక్.”
ఖ. “మై బ్రదర్ పికప్డ్ ద పార్సెల్.”
గ. “ద కీస్ ఆర్ ఆన్ ద ఫ్లోర్, పిక్ అప్ దెమ్.”
ఘ. “పిక్ అప్ ఎనీ వన్ కలర్ ఫర్ ద వాల్.”
ఙ. “మై ఫాదర్ పిక్డ్ అప్ డయాబెటిస్ లాస్ట్ ఇయర్.”
చ. “షి పిక్డ్ అప్ తమిళ్ ఫ్రమ్ హర్ నైబర్స్.”

జవాబులు: ‘క’లో చివర ‘అప్’ చేర్చాలి. ‘ఖ’లో ‘పిక్డ్ అప్’ అని ఉండాలి. ‘గ’లో ‘పిక్ దెమ్ అప్’ రావాలి. ‘ఘ’లో గోడకు రంగు ఎంచుకోవడం గురించి చెబుతున్నారు కాబట్టి ‘అప్’ తీసేయాలి. ‘ఙ’లో క్రియనే మార్చి “మై ఫాదర్ వాజ్ డయాగ్నోజ్డ్ విత్ డయాబెటిస్” అనాలి. ‘చ’లో సరిచేయవలసినదేమీ లేదు. దాన్ని కూడా మీరు మార్చి ఉంటే మూడవ మెట్టులో భాషల గురించి రాసిన భాగాన్ని మరొకసారి చదవండి.